కంచె చేను మేయడానికి ఇరవై ఏళ్లు

పెద్దమ్మ మంచాన పడ్డాక ఆమె కంచం, గ్లాసు వంటింట్లోంచి బయటికి వెళ్లిపోయాయి. పెరట్లో తొట్టి గట్టు మీద విడిగా బోర్లించి పెట్టేవారు. అలా పెట్టినవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. రాత్రింబవళ్లు ఆమెను కనిపెట్టుకుని ఉన్న కోడలే ఆ పని చేసింది. పట్నంలో డాక్టరు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని చెప్పి, ఇది వైరస్ వల్ల వస్తుందని కూడా అన్నాడు. వైరస్ అనగానే ఇంట్లో అంటు అనుకున్నారు. అంతకు వారం ముందు వరకు వినిపించిన మాట వేరు. "మన వంశంలో ఎవరికీ లేదే, ఈవిడకెలా వచ్చింది?" అని వచ్చినవాళ్లందరూ అడిగేవారు. వంశం మాట నిజమైతే ఆ జబ్బు రక్తంలో రావాలి. అంటు మాట నిజమైతే అది గ్లాసు అంచు మీద ఉండాలి. రెండూ తప్పే. ఆ రెండు తప్పుల మధ్య పెద్దమ్మ ఏడు నెలలు బతికింది.

నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. "కణుతుల వైరస్‌లు ఆతిథేయి కణాల్లో ఉత్పరివర్తనాలు కలిగించి క్యాన్సర్‌కు దారితీస్తాయి" (ఆతిథేయి అంటే వైరస్ చేరిన జీవి, ఉత్పరివర్తనం అంటే జన్యువులో వచ్చే మార్పు) అనే వాక్యాన్ని ఎన్ని ఏళ్లు, ఎన్ని తరగతులకు నోట్సుగా చెప్పి రాయించానో లెక్కలేదు. రెండు మార్కుల ప్రశ్నకు అది సరిపోతుంది. పెద్దమ్మ పోయిన ఏడాది అదే పాఠం చెబుతుంటే చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, వైరస్ నేరుగా మన జన్యువులను మార్చేస్తుందా? అయితే సోకిన వాళ్లందరికీ క్యాన్సర్ ఎందుకు రాదు?" అని అడిగింది. నేను ఏదో చెప్పి కూర్చోబెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వాక్యంలో అబద్ధం లేదు. కానీ అందులో కాలం లేదు. ఆ మార్పులు నిజంగా ఎవరి చేతుల మీదుగా జరుగుతాయో కూడా లేదు. ఈ రెండూ తెలియకపోవడం వల్లే మా ఇంట్లో గ్లాసు పెరట్లోకి వెళ్లింది. ఇంతకంటే పెద్ద నష్టాలు కూడా ఈ అజ్ఞానం వల్లే జరుగుతున్నాయని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

కథ కోడితో మొదలవుతుంది. 1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు ఒక కోళ్ల పెంపకందారు గడ్డ ఉన్న పెట్టను తెచ్చాడు. పేటన్ రౌస్ అనే యువ పరిశోధకుడు ఆ గడ్డను నూరి, కణాలు గానీ బ్యాక్టీరియా గానీ దాటలేనంత సన్నని వడపోతలోంచి పంపి, ఆ ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు ఎక్కించాడు. వాటికీ గడ్డలు లేచాయి. 1911లో ఆ ఫలితాన్ని ప్రచురించాడు. కోళ్ల సంగతి మనుషులకు వర్తించదని చాలామంది పక్కన పెట్టేశారు. రౌస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది 1966లో. అప్పటికి ఆయన వయసు 87 ఏళ్లు.

ఆ కోడి వైరస్‌లో సార్క్ అనే జన్యువు ఉంది. గడ్డకు కారణం అదే. 1976లో కాలిఫోర్నియాలో బిషప్, వార్మస్, వారి సహచరులు ఆ జన్యువు అసలు ఎక్కడిదో వెతికారు. అది వైరస్‌ది కాదు. కోడిది. ఎప్పుడో ఒక వైరస్ కోడి కణంలోంచి వెళ్లిపోతూ ఆ జన్యువును కూడా పట్టుకుపోయింది, మార్చేసింది, తిరిగి తెచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ప్రతి కోడిలోనూ, కొద్ది తేడాలతో మనుషుల్లోనూ ఆ జన్యువు ఉంది, రోజూ మంచి పనే చేస్తోంది. ఈ సంగతి బయటపడినప్పుడు శాస్త్రవేత్తలకు కలిగిన దిగ్భ్రాంతిని నేను ఊహించుకోగలను. శత్రువు బయటినుంచి ఆయుధం తెచ్చాడనుకుంటే, ఆ ఆయుధం మన ఇంటి కొడవలే. క్యాన్సర్ జన్యువులంటే మన సొంత జన్యువులే అదుపు తప్పడం అన్న అవగాహన అక్కడినుంచే స్థిరపడింది.

మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే వైరస్‌లు సాధారణంగా ఇంత సూటిగా పనిచేయవు. రౌస్ కోళ్లలో వారాల్లో గడ్డ లేచింది. మనుషుల్లో దశాబ్దాలు పడుతుంది. ఈ తేడా దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఆ దశాబ్దాలు ఎలా గడుస్తాయన్నదే అసలు విషయం.

పెద్దమ్మకు సోకినది మానవ పాపిలోమా వైరస్, హెచ్‌పీవీ. దాని జన్యు పదార్థం మొత్తం కలిపితే దాదాపు 8,000 అక్షరాలు (జన్యు సమాచారాన్ని రాసే రసాయన గుర్తులు). మన కణంలో ఒక్కో ప్రతికి 300 కోట్లు. ఇంత చిన్న వైరస్ తన ప్రతులను తానే తయారు చేసుకోలేదు. మన కణం విభజన చెందేటప్పుడు వాడే యంత్రాంగాన్ని వాడుకోవాలి. చిక్కు ఏమిటంటే, అది కాపురం ఉండే పొర అందుకు అనువైనది కాదు. గర్భాశయ ముఖద్వారం మీద పొరలో అడుగు కణాలే విభజన చెందుతాయి. పైకి జరిగిన కొద్దీ కణాలు ఆ పని మానేసి, చదునై, చివరికి రాలిపోతాయి. వైరస్ తన సంతానాన్ని వదలాల్సింది ఆ పై పొరల్లోంచే. అంటే పని చాలించిన కణాన్ని మళ్లీ పనిలోకి దింపాలి.

అందుకు దాని దగ్గర రెండు ప్రొటీన్లున్నాయి: ఇ-7, ఇ-6. మన కణంలో ఆర్‌బీ అనే ప్రొటీన్ విభజనకు తాళం వంటిది. ఇ-7 వెళ్లి ఆ తాళం తీసేస్తుంది. కణం విభజనకు సిద్ధమవుతుంది. అయితే మన కణం అమాయకమైనది కాదు. వేళ కాని వేళ విభజన మొదలైతే పీ53 అనే మరో ప్రొటీన్ మేల్కొంటుంది. ఏదో తేడాగా ఉందని పసిగట్టి పని ఆపించడం, మరమ్మతు సాధ్యం కాకపోతే ఆ కణాన్ని చంపెయ్యడం దాని బాధ్యత. ఇక్కడ ఇ-6 వస్తుంది. పీ53ను పట్టుకుని, కణంలో పనికిరాని ప్రొటీన్లను తునకలు చేసే వ్యవస్థకు అప్పగిస్తుంది. పీ53 తయారవుతూనే ఉంటుంది, తయారైనది తయారైనట్టు ముక్కలవుతూనే ఉంటుంది.

ఒక్క విషయం గమనించండి. ఇంతవరకూ ఒక్క ఉత్పరివర్తనం కూడా జరగలేదు. మన డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారలేదు. పొగాకు వల్ల వచ్చే నోటి, గొంతు క్యాన్సర్లను పరిశీలిస్తే పీ53 జన్యువే చెడిపోయి కనిపించడం చాలా సాధారణం. హెచ్‌పీవీ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లలో ఆ జన్యువు ఎక్కువగా చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని చెడగొట్టాల్సిన అవసరం అక్కడ రాలేదు, దాని ప్రొటీన్‌ను వైరస్ ఎప్పటికప్పుడు మాయం చేస్తోంది కాబట్టి. నా విద్యార్థినికి ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇదే. వైరస్ పనిగట్టుకుని మన జన్యువులను మార్చదు. మార్పులను ఆపే కాపలాను తొలగిస్తుంది. మార్పులు ఆ తర్వాత వస్తాయి, తీరుబడిగా, ఒక్కొక్కటిగా, చాలావరకు మన చేతులతోనే.

మన చేతులతోనే అన్నది మాట వరసకు అన్నది కాదు. కణం విభజన చెందిన ప్రతిసారీ కొన్ని తప్పులు దొర్లుతాయి. పీ53 ఉంటే చాలావరకు అవి అక్కడితో ఆగిపోతాయి, లేకపోతే నిలిచిపోతాయి. ఇ-7 పనిచేస్తున్న కణాల్లో క్రోమోజోములను పంచే కేంద్రాలు రెండు ఉండాల్సింది మూడు, నాలుగు అవుతాయి. పంపకం అస్తవ్యస్తమై ఒక పిల్ల కణానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ క్రోమోజోములు వెళ్తాయి. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కదిలించింది అపోబెక్ ఎంజైముల కథ.

అపోబెక్‌లు మన శరీరం వైరస్‌ల మీద ప్రయోగించే కత్తులు. వైరస్ జన్యు పదార్థం ఒంటి పోగుగా విచ్చుకున్నప్పుడు ఇవి దాని మీద పడి, సీ అనే అక్షరాన్ని మార్చేసి, ఆ వైరస్‌ను పనికిరాకుండా చేస్తాయి. హెచ్‌పీవీ సోకిన కణాల్లో ఈ ఎంజైములు పెరుగుతాయి. ఇ-6 కూడా వీటి ఉత్పత్తిని పెంచుతుందని తేలింది. కానీ మన డీఎన్‌ఏ కూడా నకలు తీసేటప్పుడు క్షణకాలం ఒంటి పోగుగా విచ్చుకుంటుంది. కత్తికి తేడా తెలియదు. వైరస్ మీద పడాల్సిన వేటు మన మీదే పడుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల జన్యువులను చదివితే టీ పక్కన ఉన్న సీ అక్షరాలు కుప్పలుగా మారి ఉంటాయి. అది అపోబెక్ వేలిముద్ర. ఆ క్యాన్సర్లలో తరచుగా చెడిపోయే పీఐకే3సీఏ అనే జన్యువులోని ముఖ్యమైన మార్పులు సరిగ్గా ఈ పద్ధతిలోనే ఉంటాయి. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి అని మా తాత అంటుండేవాడు. ఈ సామెతకు ఇంతకన్నా సరిపోయే సందర్భం నాకు కనబడలేదు.

ఇలాంటిదే మరోటి ఆఫ్రికాలో జరుగుతుంది. 1958లో ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు పిల్లల దవడల మీద పెరిగే కణుతులను వర్ణించాడు. 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ ఆ కణుతి కణాల్లో ఒక వైరస్‌ను చూశారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అనే పేరు అలా వచ్చింది. ప్రపంచంలో పెద్దవాళ్లలో అత్యధికులకు అది సోకే ఉంటుంది. మరి ఆ కణుతి మలేరియా తీవ్రంగా ఉన్న ప్రాంతాల పిల్లల్లోనే ఎందుకు ఎక్కువ? ప్రతిరక్షకాల తయారీ కోసం మన తెల్ల రక్తకణాలు ఏఐడీ అనే ఎంజైముతో తమ జన్యువులనే కావాలని కోసి అతికించుకుంటాయి. పదేపదే వచ్చే మలేరియా ఆ ఎంజైమును ఏళ్ల తరబడి పనిలో ఉంచుతుంది. ఎక్కడో ఒకసారి కోత తప్పు చోట పడి, ఎనిమిదో క్రోమోజోము ముక్క పద్నాలుగో దానికి అతుక్కుంటుంది. మిక్ అనే జన్యువు అదుపు తప్పుతుంది. చచ్చిపోవాల్సిన కణాన్ని బతికించి ఉంచడం వైరస్ చేసిన పని. కోత మాత్రం మన కత్తిదే.

మరి వైరస్ మన డీఎన్‌ఏలోకి దూరదా? దూరుతుంది. ఈ విషయాన్ని తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. హెచ్‌పీవీ మామూలుగా కణంలో గుండ్రని ఉంగరంలా విడిగా ఉంటుంది. దీర్ఘకాలం ఉండిపోతే, ఎప్పుడో ఆ ఉంగరం తెగి మన క్రోమోజోములో అతుక్కుంటుంది. తరచుగా ఇ-2 అనే జన్యువు దగ్గర తెగుతుంది. ఇ-6, ఇ-7లను అదుపులో ఉంచేది ఆ ఇ-2నే. అది పోతే ఆ రెండూ విచ్చలవిడిగా తయారవుతాయి. అతుక్కున్న చోట మన జన్యువులు కూడా తెగి, తిరగబడి, పలు ప్రతులుగా పెరుగుతాయి. అయితే ఇలా అతుక్కుపోయిన వైరస్‌కు భవిష్యత్తు లేదు. అది ఇక కొత్త వైరస్‌లను తయారు చేయలేదు, మరొకరికి సోకలేదు. క్యాన్సర్ అన్నది వైరస్‌కు విజయం కాదు, అనుకోని ప్రమాదం. పెద్దమ్మ గ్లాసులో ఏమీ లేదని చెప్పడానికి నేను ఇంత దూరం వచ్చాను. ఈ వైరస్ గ్లాసుతో, కంచంతో రాదు, లైంగిక సంబంధంతో వస్తుంది. అది సోకడం ఎంత సాధారణమంటే, చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి సోకుతుంది, పదిలో తొమ్మిది మందికి రెండేళ్లలోపు ఏ జాడా లేకుండా పోతుంది. ఇందులో ఎవరి నడవడికనూ వెతకాల్సిన పని లేదు. పెళ్లయ్యాక పెద్దమ్మ జీవితమంతా ఆ ఇంట్లో, ఆ పొలంలో గడిచింది. ఆమె గురించి చావు ఇంట్లో ఇద్దరు గుసగుసలాడుకోవడం నా చెవిన పడింది. ఆ రోజు ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను.

హెపటైటిస్-బి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అక్కడ మన వాళ్ల పాత్ర ఉంది. ఈ వైరస్ ఇంకా చిన్నది, 3,200 అక్షరాలు. పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా వదిలించుకుంటారు. పుట్టుకతో తల్లి నుంచి సోకిన పసివాళ్లలో పదికి తొమ్మిది మందిలో జీవితాంతం ఉండిపోతుంది. ఇది కాలేయ కణాల డీఎన్‌ఏలో అక్కడా ఇక్కడా అతుక్కుంటుంది. టెర్ట్ అనే జన్యువు పక్కన పడితే ఆ కణానికి ముసలితనం రాదు. దీనికి తోడు, ఏళ్ల తరబడి కణాలు చావడం, వాటి చోట కొత్తవి పుట్టడం, ఆ పుట్టుకల్లో తప్పులు పేరుకోవడం. ఇదే కాలేయానికి బూజు పట్టిన వేరుశనగలోని అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా చేరితే, అది పీ53 జన్యువులో 249వ స్థానంలోనే మార్పు తెస్తుంది. చైనాలోని, ఆఫ్రికాలోని కొన్ని ప్రాంతాల్లో కాలేయ క్యాన్సర్లలో పదేపదే కనిపించింది ఆ మార్పే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో వేరుశనగలో ఈ విషం మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. గింజలు సరిగా ఆరబెట్టడం కూడా క్యాన్సర్ నివారణే అని చెబితే నా విద్యార్థుల్లో రైతు బిడ్డలు తలెత్తి చూస్తారు.

తైవాన్ 1984లో పసిపిల్లలకు హెపటైటిస్-బి టీకా మొదలుపెట్టింది. ఆ తర్వాత పుట్టి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసుకు చేరిన పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి పడిపోయిందని 1997లో ప్రకటించారు. ఒక టీకా క్యాన్సర్‌ను ఆపగలదని లోకానికి మొదట చూపింది అదే. సరిగ్గా అదే ఏడాది, 1997 ఆగస్టులో, హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఇదే టీకాను దేశీయంగా తయారు చేసి విడుదల చేసింది. అంతవరకు దిగుమతి టీకా ధర సామాన్యులకు అందేది కాదు. ఆ సంస్థను స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు చేసిన ఆ పనిని మనం పారిశ్రామిక విజయంగా మాత్రమే చెప్పుకుంటాం. నా దృష్టిలో అది తెలుగు నేల మీద జరిగిన అతి పెద్ద క్యాన్సర్ నివారణ కార్యక్రమాల్లో ఒకటి.

ఇక ఖమ్మం. దీన్ని దాటవేస్తే నా వాదన నిజాయితీ లేనిదవుతుంది. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేపట్టిన పని. ఖమ్మంలో దాదాపు 14,000 మంది బాలికలు, వారిలో భద్రాచలం వైపు ఆదివాసీ పిల్లలు, వసతిగృహాల్లో చదువుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయిన వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. విచారణలో ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుమందు వల్ల చనిపోయినట్టు తేలింది. మరణాలకు టీకాతో సంబంధం లేదనే నిపుణులు అభిప్రాయపడ్డారు. కానీ అదే విచారణలో మరో సంగతి బయటపడింది. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన అంగీకార పత్రాల్లో చాలావాటి మీద వసతిగృహ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

టీకాను సమర్థించే నా వంటి వాళ్లు ఇక్కడ తడబడతారు. "టీకా సురక్షితమే కదా, కాగితాల గొడవ ఎందుకు" అని తేలిగ్గా తీసేస్తారు. నేను అలా అనలేను. టీకా మంచిది, చేసిన పద్ధతి తప్పు. ఈ రెండూ ఒకేసారి నిజం. అడగకుండా వేసిన మంచి మందు కూడా అనుమానమే మిగులుస్తుంది. ఆ అనుమానం ఖరీదు మనం చాలా ఏళ్లుగా కడుతున్నాం. స్వీడన్‌లో పదిహేడేళ్లలోపు ఈ టీకా వేయించుకున్న వారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో చూపించారు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో వేయించుకున్న స్కాట్లండ్ అమ్మాయిల్లో ఒక్క కేసు కూడా కనబడలేదని 2024లో ప్రకటించారు. మన దేశంలో 2022 అంచనా ప్రకారం ఏడాదికి దాదాపు 1,27,000 మందికి ఈ జబ్బు వస్తోంది, 80,000 మంది చనిపోతున్నారు. దేశీయ టీకాకు అనుమతి వచ్చింది 2022లో. ఖమ్మంలో ప్రతి గుమ్మం ముందు కూర్చుని, కోయ భాషలో, తెలుగులో, పీ53 పేరెత్తకుండానే అయినా, ఈ వైరస్ ఏమిటో చెప్పి, అడిగి, ఒప్పుకున్న వాళ్లకే వేసి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

అడగకపోవడం ఈ జబ్బు చరిత్రలో కొత్త కాదు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి హెన్రియెట్టా ల్యాక్స్ అనే నల్లజాతి మహిళ రక్తస్రావంతో వచ్చింది. అదీ గర్భాశయ ముఖద్వార క్యాన్సరే. ఆమె అనుమతి లేకుండా తీసుకున్న కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూనే ఉన్నాయి. హీలా కణాలంటే అవే. ఆమె ఆ ఏడాదే చనిపోయింది. గర్భాశయ ముఖద్వార కణుతుల్లో 1983, 84లలో హెచ్‌పీవీ పదహారు, పద్దెనిమిది రకాలను కనుగొన్న జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్ బృందమే ఈ హీలా కణాల్లో కూడా పద్దెనిమిదో రకం అతుక్కుని ఉందని చూపింది. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది.

హీలా కణాల మీద జరిగిన ఒక ప్రయోగం గురించి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. 2000లో యేల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు ఆ కణాల్లోకి ఇ-2ను మళ్లీ పంపించారు. ఇ-6, ఇ-7 అణిగిపోయాయి. అప్పుడు పీ53 లేచింది. ఆర్‌బీ తాళం మళ్లీ పడింది. అర్ధ శతాబ్దం పాటు ఆగకుండా విభజన చెందుతున్న కణాలు ఆగిపోయి, ముసలితనంలోకి వెళ్లిపోయాయి. అన్నేళ్లు, అన్ని ఉత్పరివర్తనాలు, ముక్కలై అతుక్కున్న అన్ని క్రోమోజోముల మధ్య ఆ కాపలా చావలేదు. ప్రతి నిమిషం దాన్ని ఈడ్చుకుపోతుంటే కనబడలేదు, అంతే. ఇది నాకు ఓదార్పు కాదు. పెద్దమ్మ విషయంలో ఆలస్యం ఎంత అనవసరమైనదో ఇది చెబుతుంది.

ఆమెకు ముట్లుడిగి అయిదారేళ్లయ్యాక మళ్లీ రక్తం కనిపించింది. వేడి చేసిందనుకుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ ఎనిమిది నెలలు కూడా అసలు ఆలస్యం కాదు. వైరస్ సోకి ఉండిపోవడానికి, క్యాన్సర్‌గా మారడానికి మధ్య సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లుంటాయి. ఆ ఇరవై ఏళ్లలో పొర మీద మార్పు కనిపిస్తూనే ఉంటుంది. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలుచగా అద్దితే మారిన చోటు తెల్లగా తేలుతుంది. వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష కూడా ఉంది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్ఫై వేలకు పైగా మహిళలతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైన వాళ్లకు చికిత్స చేస్తే ఈ జబ్బు మరణాలు దాదాపు సగమయ్యాయి. ఒక్కసారే, అదీ నీటి ఎద్దడితో అల్లాడే పల్లెల్లో. మన దేశంలో ముప్ఫై నుంచి నలభై తొమ్మిదేళ్ల మహిళల్లో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు వందకు ఇద్దరే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో వందకు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది మందికి పైగా. దేశంలో పరీక్షలు వందకు ఇద్దరికి, మన రెండు రాష్ట్రాల్లో ఆపరేషన్లు ఎనిమిది మందికి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. తెల్లబట్ట అవుతోందనో, నెలసరిలో నొప్పి అనో వెళ్లిన ఆడవాళ్లతో "తీయించేసుకోండమ్మా, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అనే మాట మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందో అందరికీ తెలుసు. వైరస్, జన్యువులు, ఉత్పరివర్తనం అన్నవన్నీ మనకు భయపెట్టే మాటలుగానే చేరాయి, కాలాన్ని చెప్పే మాటలుగా చేరలేదు. ఇరవై ఏళ్ల వ్యవధి ఉందని, మధ్యలో మార్పు కనబడితే చల్లదనంతోనో వేడితోనో ఆ కాస్త చోటును కొన్ని నిమిషాల్లో మాడ్చేసి ఇంటికి పంపించవచ్చని తెలిసిన మహిళను అంత తేలిగ్గా ఆపరేషన్ బల్ల ఎక్కించలేరు. కణుతుల వైరస్ ఎలా పనిచేస్తుందో పాఠ్యపుస్తకంలోనే కాక స్వయం సహాయక సంఘాల సమావేశాల్లో కూడా చెప్పాలని నేను అనడానికి కారణం ఇది. అది పరీక్షల కోసం నేర్చుకునే జ్ఞానం కాదు, శరీరం మీద ఎవరు కత్తి పెట్టాలో, పెట్టకూడదో తేల్చుకునే జ్ఞానం.

పెద్దమ్మ కూతురు, మా అక్క, నాకన్నా ఆరేళ్లు పెద్దది. పోయిన వేసవిలో ఫోను చేసింది. నడుము నొప్పి అని చూపించుకుంటే, అమ్మకు క్యాన్సర్ వచ్చింది కాబట్టి నీకూ వస్తుంది, గర్భసంచి తీసేద్దాం అన్నారట. తేదీ కూడా ఇచ్చారట. "నువ్వు ఆ పాఠాలే చెబుతావు కదా చెల్లీ, ఏం చేయమంటావు?" అంది. నేను సెలవు పెట్టి వెళ్లాను. వసారాలో కూర్చుని చెప్పాను. అమ్మ నుంచి నీకు వచ్చింది ఆ జబ్బు కాదక్కా, నీ సంగతి నీ పొర మీద చూడాలి అని. ఉంగరం, తాళం, కాపలా, కత్తి, అన్నీ చెప్పాను. మధ్యలో ఆపి, "అంటే అమ్మ గ్లాసు బయట పెట్టాల్సిన అవసరం లేదన్నమాట" అంది. వంటింట్లో వదిన చేతిలో గిన్నె చప్పుడు ఆగింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. అక్కతో పాటు వదిన కూడా వచ్చింది, ఎవరూ పిలవకుండానే. పరీక్ష చేసే నర్సు ముందుగా ఏం చేయబోతోందో ఇద్దరికీ వివరించి, "చేయమంటారా అమ్మా?" అని అడిగింది. అక్కకు ఏమీ లేదు. వదినకు ఒక చిన్న తెల్లటి మచ్చ తేలింది. ఇంకా క్యాన్సర్ కాలేదని నిర్ధారించుకుని, పది రోజుల తర్వాత పిలిచి అక్కడే చికిత్స చేశారు. సాయంత్రం బస్సుకు ఊరికి తిరిగి వచ్చేసింది. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాసిచ్చిన కాగితాన్ని బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం మధ్యలో పెట్టింది. అక్క ఆపరేషన్ తేదీ వచ్చింది, పోయింది. నడుము నొప్పికి ఇప్పుడు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తోంది.